ఎర్త్ బాగు చేయించాకే ట్రిప్ కొడుతున్న వాషింగ్ మిషన్: నల్లగొండలో ఒక కేసు

నల్లగొండ రామగిరిలో ఒక సొంతిల్లు. కింద రిటైరైన టీచరు సారు, వాళ్ళ ఇంటామె. పైన అద్దెకు ఒక కుటుంబం. మిషన్ ఫ్రంట్ లోడ్, 7 కిలోలది, కొని ఎనిమిదేళ్ళు దాటింది, నీళ్ళు కాచే హీటర్ లోపలే ఉంది. సారు ఫోన్లో చెప్పింది ఇది: "ఎండాకాలంల ఎర్త్ గుంత కొత్తది కొట్టిచ్చినం తమ్మీ. అప్పటిసంది మిషన్ ఏస్తే సాలు, ఇల్లంత కరెంట్ పోతుంది. అంతకుముందు ఎనిమిదేండ్లు మంచిగనే నడిచింది. ఆ పచ్చ వైరు తీసేస్తే అయిపోతది గద?"

ఆ పచ్చ వైరే ఎర్త్ వైరు. దాన్ని తీయొద్దని, నేను వచ్చేదాకా మిషన్ ప్లగ్ పీకి పక్కన పెట్టమని చెప్పాను. ఇదే ఫిర్యాదు కొంచెం అటూ ఇటుగా చాలా ఇళ్ళ నుంచి వస్తుంది. చాలా ఇళ్ళలో పచ్చ వైరు తీసేశాకే నన్ను పిలుస్తారు. అందుకే ఈ కేసు మొత్తం రాస్తున్నాను. ఇక్కడ ఎర్త్ పెట్టినాయన తప్పేమీ చేయలేదు. ఎర్త్ లేకపోవడం వల్ల దాగి ఉన్న తప్పును ఆయన పెట్టిన ఎర్త్ బయటపెట్టింది.

ముందు అడిగినవి

మిషన్ విప్పకముందు ఆ మిషన్ వాడే మనిషితో మాట్లాడాలి. ఫోన్ చేసేది సారే అయినా బట్టలు వేసేది అమ్మ. మిషన్ తలుపు దగ్గర చెయ్యి పెడితే ఎప్పుడైనా జిల్లుమందా అని అడిగాను.

"అయ్యో, మస్తుసార్లు బిడ్డా. అందుకే గద ఎర్త్ చేపిచ్చింది. ముందుగాల సన్నగ జిల్లుమనేది, తడి చేతులతోని ముట్టుకుంటే. ఈ ఎండాకాలం నుంచైతే చెయ్యి గుంజినట్టయింది."

ఎప్పుడు గుంజింది, మిషన్ వేయగానేనా, కొంచెంసేపు తిరిగాకనా?

"తిరిగినంక. అద్దం వేడైతది సూడు, అప్పుడు."

నాకు సగం దారి అక్కడే దొరికింది. సన్నగా జిల్లుమనడం, చెయ్యి గుంజడం రెండూ ఒకే జబ్బు కావు. మిషన్ లోపల కరెంటు వచ్చే చోట ఒక ఫిల్టర్ ఉంటుంది. అందులో ఫేజ్ (కరెంటు వచ్చే వైరు) నుంచి బాడీకి ఒకటి, న్యూట్రల్ (కరెంటు తిరిగిపోయే వైరు) నుంచి బాడీకి ఒకటి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ సరిగ్గా ఉంటే వాటి గుండా పోయే కొద్దిపాటి కరెంటు ఎర్త్‌లోకి దిగిపోతుంది, మనకు తెలియను కూడా తెలియదు. ఎర్త్ లేకపోతే బాడీ మీద సప్లైలో సగం వోల్టేజి, సుమారు 115, తేలుతుంది. టెస్టర్ పెడితే వెలుగుతుంది, తడి చెయ్యి పెడితే జిల్లుమంటుంది. కానీ ఆ కరెంటు ఒక మిల్లీ ఆంపియర్ లోపే ఉంటుంది. పూర్తిగా ఆరోగ్యంగా ఉన్న కొత్త మిషన్ కూడా ఎర్త్ లేని ఇంట్లో జిల్లుమంటుంది. కాబట్టి జిల్లుమనడం మిషన్ జబ్బు కాదు, ఇంటి వైరింగ్ జబ్బు.

చెయ్యి గుంజడం వేరు. అది నిజమైన లీకేజి. అదీ నీళ్ళు వేడెక్కేటప్పుడే వచ్చిందంటే ముందుగా అనుమానించాల్సింది హీటర్ రాడ్‌ను.

మరి అన్ని రోజులు ట్రిప్ ఎందుకు కాలేదు? ఆ ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంది, అంటే లీకేజి కనబడితే తనంతట తానే పడి ఇంటికి కరెంటు ఆపేసే స్విచ్. అది పని చేస్తోంది కూడా. ఆర్‌సీసీబీ చూసేది ఒక్కటే: ఫేజ్‌లో పోయిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా. పాత ఎర్త్ గుంతలో వైరు జాయింట్ తుప్పు పట్టి తెగిపోయిందని ఎలక్ట్రీషియన్ సారుకు చూపించాడట. అంటే హీటర్ నుంచి బాడీకి కరెంటు ఎక్కుతోంది, కానీ బాడీ నుంచి భూమిలోకి దిగే దారి లేదు. మిషన్ రబ్బరు కాళ్ళ మీద ఉంది, నీళ్ళ పైపులు ప్లాస్టిక్‌వి. దారి లేనిచోట కరెంటు పారదు, లెక్కలో తేడా రాదు, ఆర్‌సీసీబీ పడదు. బాడీ మాత్రం ప్రాణం తీసే వోల్టేజితో ఎదురుచూస్తూ ఉంటుంది. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి మనిషి ముట్టుకుంటే ఆ దారి మనిషే అవుతాడు. కొత్త ఎర్త్ పెట్టగానే కరెంటుకు వైరు గుండా దారి దొరికింది, తేడా కనబడింది, ఆర్‌సీసీబీ పడిపోయింది. దాని పని అది చేసింది.

ఇది సారుకు కాగితం మీద గీసి చెప్పాను. ఆయన లెక్కల టీచరు, వెంటనే పట్టుకున్నారు. అప్పుడు ఇంకో మాట చెప్పారు. ఒకాయన వచ్చి, ఈ ఆర్‌సీసీబీ తీసేసి మామూలు ఎంసీబీ (వైరు మీద లోడు ఎక్కువైతే పడే స్విచ్) పెడితే పడదు అన్నాడట. నిజమే, పడదు. 16 ఆంపియర్ల ఎంసీబీ పడాలంటే 16 ఆంపియర్లు దాటాలి. మనిషి గుండెను ఆపడానికి అందులో వందో వంతు కూడా అక్కర్లేదు. ఎంసీబీ వైరును కాపాడుతుంది, ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుతుంది. ఒకదాని బదులు ఇంకొకటి పెట్టే సామాను కాదవి.

కొలతలు

విప్పడానికి ముందు సాకెట్ దగ్గర మల్టీమీటర్ పెట్టాను. ఫేజ్ నుంచి న్యూట్రల్ 228, ఫేజ్ నుంచి ఎర్త్ 227, న్యూట్రల్ నుంచి ఎర్త్ ఒకటిన్నర వోల్టు. ఆ సాకెట్‌లోనే ఇస్త్రీపెట్టె పెట్టి మళ్ళీ చూస్తే న్యూట్రల్-ఎర్త్ మధ్య మూడు లోపే ఉంది. ఎర్త్ నిజంగానే బాగా చేశాడు. ఫేజ్-ఎర్త్ మధ్య 140, 90 లాంటి అంకెలు వస్తుంటే ఎర్త్ గాల్లో ఉన్నట్టు. అలాంటప్పుడు మిషన్ విప్పి ప్రయోజనం లేదు, ముందు గుంత సంగతి చూడాలి.

తర్వాత మిషన్‌ను చల్లనీళ్ళ ప్రోగ్రాంలో వేశాను, రిన్స్, స్పిన్ మాత్రమే. నీళ్ళు వచ్చాయి, డ్రమ్ము తిరిగింది, పంపు నీళ్ళు బయటికి కొట్టింది, పూర్తి స్పీడులో పిండింది. ఆర్‌సీసీబీ కదల్లేదు. దీంతో మోటారు, డ్రెయిన్ పంపు, ఇన్‌లెట్ వాల్వు, డోర్ లాక్ నాలుగూ ఒకేసారి అనుమానం నుంచి బయటపడ్డాయి. తర్వాత కాటన్ 40 డిగ్రీలు పెట్టాను. నీళ్ళు నిండి, డ్రమ్ము నాలుగు చుట్లు తిరిగి, మిషన్ లోపలి బోర్డు మీద హీటర్ రిలే, అంటే హీటర్‌కు కరెంటు ఇచ్చే స్విచ్, టిక్కుమన్న కాసేపటికే ఇల్లంతా చీకటి.

ఇక్కడ తోటి మెకానిక్‌లకు ఒక మాట. హీటర్ రిలే ఏ వైపు వైరును తెంపుతుందో మోడల్‌ను బట్టి మారుతుంది. ఈ మిషన్‌లో ఫేజ్ వైపు ఉంది, అందుకే రిలే కలిశాకే ట్రిప్ అయింది. న్యూట్రల్ వైపు తెంపే మిషన్ అయితే రాడ్‌కు ఫేజ్ ముందునుంచే అంది ఉంటుంది, మిషన్ ఆన్ చేయగానో తలుపు లాక్ పడగానో ట్రిప్ కావచ్చు. "వేడి చేయకముందే పడింది కాబట్టి హీటర్ కాదు" అని కొట్టేయకూడదు.

ప్లగ్ పీకి, బోర్డులోని కెపాసిటర్ ఖాళీ అయ్యేదాకా కొన్ని నిమిషాలు ఆగి, వెనక రేకు విప్పాను. ఈ మోడల్‌కు రాడ్ వెనక కింద ఉంటుంది. కొన్నింటికి ముందు వైపు ఉంటుంది. రెండు టెర్మినళ్ళ వైర్లు పీకి రాడ్‌ను ఓమ్స్‌లో చూస్తే 27. రాడ్ 2000 వాట్లది. 230ని 230తో గుణించి 2000తో భాగిస్తే ఇరవై ఆరున్నర దాకా రావాలి, కాబట్టి లోపలి తీగ బాగానే ఉంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. రాడ్ మంచిగనే ఉంది, బోర్డు పోయింది అని చెప్పి వేలకు వేలు బోర్డు మీద పెట్టిస్తారు.

తీగ తెగలేదు సరే, తీగకూ పైనున్న స్టీలు గొట్టానికీ మధ్య ఇన్సులేషన్ ఉందా లేదా అన్నది వేరే ప్రశ్న. దానికి మల్టీమీటర్ చాలదు. దాని లోపలి బ్యాటరీ వోల్టేజి చిన్నది, కంటిన్యుటీలో పెడితే బీప్ రాదు, బాగుందనిపిస్తుంది. 500 వోల్టుల మెగ్గర్, అంటే ఎక్కువ వోల్టేజి ఇచ్చి ఇన్సులేషన్ కొలిచే మీటరు, పెట్టాలి. వైర్లు పీకి రాడ్ మీద మాత్రమే పెట్టాలి, పొరపాటున బోర్డు కలిసి ఉంటే బోర్డు పోతుంది. ఈ రాడ్‌కు మెగ్గర్ చూపించింది 0.03 మెగా ఓమ్స్. కొత్త రాడ్‌కు నా మెగ్గర్ 200 దాటి, కొలవలేనంత అని చూపిస్తుంది. 0.03 అంటే 30 వేల ఓమ్స్, 230 వోల్టుల దగ్గర సుమారు 8 మిల్లీ ఆంపియర్లు. ఇది చల్లగా ఉన్నప్పటి సంగతి. వేడెక్కాక ఇంకా పెరుగుతుంది. 30 అని రాసి ఉన్న ఆర్‌సీసీబీ 15 దాటినప్పటి నుంచి ఎప్పుడైనా పడొచ్చు.

రాడ్ వైర్లకు టేపు చుట్టి పక్కకు కట్టి, మళ్ళీ కాటన్ 40 వేశాను. హీటర్ లేకపోతే నీళ్ళు కాగవు, కాసేపటికి మిషన్ ఎర్రర్ చూపిస్తుంది, అది మామూలే. ట్రిప్ మాత్రం కాలేదు. ఇక అనుమానం లేదు.

రాడ్ బయటికి తీయడం

ఎనిమిదేళ్ళ బోరు నీళ్ళ తర్వాత రాడ్ ఊరికే రాదు. మధ్యలో ఉన్న నట్టును పూర్తిగా ఊడదీయకుండా బోల్టు చివరిదాకా వదులు చేసి, బోల్టును లోపలికి నెడితే రబ్బరు సీల్ వదులవుతుంది. అప్పుడు రాడ్‌ను అటూ ఇటూ కదుపుతూ లాగాలి. ఇది రెండు వేళ్ళంత వచ్చి ఆగిపోయింది. గార పట్టి లావైపోయి, వచ్చిన సందులోంచి వెనక్కి రావడం లేదు. స్క్రూ డ్రైవర్ పెట్టి తన్నితే వస్తుంది, దాంతోపాటు ప్లాస్టిక్ టబ్బు అంచు కూడా పగులుతుంది. టబ్బు పగిలితే మిషన్ పాత సామాన్ల బండికే.

రాడ్‌ను లోపలికి నెట్టి, నట్టు బిగించి, డ్రమ్ములో గోరువెచ్చని నీళ్ళు పోశాను. అందులో సిట్రిక్ యాసిడ్, కిరాణంలో నిమ్మ ఉప్పు అని ఇచ్చేది, ఒక పావు కిలో కలిపి సాయంత్రం దాకా వదిలేశాను. చెవి పెట్టి వింటే సన్నగా బుసబుసమనే శబ్దం వస్తుంది, సున్నం కరిగి గ్యాస్ వదులుతున్నట్టు. సాయంత్రం నీళ్ళు వదిలేసి లాగితే రాడ్ సాఫీగా వచ్చింది.

బయటికి తీశాక సారు, అమ్మ ఇద్దరూ దగ్గరికి వచ్చి చూశారు. కరగ్గా మిగిలిన పొర కూడా చిటికెన వేలి గోరంత మందం ఉంది. పైన తెల్లగా, లోపల బట్టల నూలు, సబ్బు కలిసి బూడిద రంగులో పెచ్చులు పెచ్చులుగా. రాడ్ వంపు దగ్గర ఒకచోట స్టీలు నల్లబడి కొంచెం ఉబ్బింది. గుడ్డతో తుడిచి టార్చి కొడితే ఆ ఉబ్బు మీద పొడవునా వెంట్రుక మందం చీలిక. అదే చోటు.

చీలిక ఎట్లా వచ్చిందో చెప్పాలి. రాడ్ లోపల నిక్రోమ్ తీగ, దాని చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి, పైన స్టీలు గొట్టం ఉంటాయి. తీగ వేడి పొడి గుండా గొట్టానికి, గొట్టం నుంచి నీళ్ళకు పోవాలి. బోరు నీళ్ళలో కరిగి ఉండే కాల్షియం బైకార్బొనేట్ వేడి తగలగానే విడిపోయి, కాల్షియం కార్బొనేట్‌గా రాడ్ మీదే కూర్చుంటుంది. అన్నిటికంటే వేడిగా ఉండే చోటు అదే కాబట్టి. ఆ పొర వేడిని నీళ్ళలోకి పోనివ్వదు. నీళ్ళు మెల్లగా కాగుతాయి, కరెంటు బిల్లు పెరుగుతుంది, గొట్టం మాత్రం తట్టుకోలేనంత వేడెక్కి ఉబ్బి చీలుతుంది. చీలికలోంచి తేమ లోపలికి పోతుంది. మెగ్నీషియం ఆక్సైడ్‌కు తేమను పీల్చుకునే గుణం ఉంది. తడిసిన పొడి ఇక ఇన్సులేషన్ కాదు. అందుకే ఇలాంటి రాడ్‌ను విప్పి రెండు రోజులు ఎండలో పెడితే మెగ్గర్‌లో బాగున్నట్టు చూపించవచ్చు. దాన్ని నమ్మి మళ్ళీ బిగించకూడదు.

రాడ్ కింద గుంటలో పెచ్చుల మధ్య ఒక పిన్నీసు, బ్లౌజు హుక్కులు, ఒక రూపాయి బిళ్ళ దొరికాయి. చెంచాతో, తర్వాత చిన్న గొట్టం పెట్టిన వాక్యూమ్‌తో ఆ గుంటంతా ఖాళీ చేశాను. కొత్త రాడ్ పెట్టినా పాత పెచ్చులు కింద ఉంటే అవి రాడ్‌కు ఆనుకుని మళ్ళీ అదే కథ మొదలవుతుంది.

కొత్త రాడ్ పెట్టేటప్పుడు తొందర పడకూడని చోటు ఒకటుంది. టబ్బు లోపల రాడ్ కొసను పట్టుకునే చిన్న రేకు క్లిప్పు ఉంటుంది. రాడ్ సరిగ్గా దాని కింద దూరాలి. పైనుంచి పోతే బయటికి బాగానే బిగిసినట్టు కనిపిస్తుంది, లోపల మాత్రం కొస గాల్లో వేలాడుతుంది. స్పిన్‌లో డ్రమ్ముకు తగలడమో, టబ్బు ప్లాస్టిక్‌ను కాల్చడమో ఖాయం. ముందు వైపు నుంచి డ్రమ్ము చిల్లుల్లోంచి టార్చి కొట్టి కొస క్లిప్పులో ఉందని కళ్ళతో చూశాకే నట్టు బిగించాను. సీల్‌కు గ్రీజు పెట్టను, సబ్బు నీళ్ళు చాలు. నట్టు కూడా సీల్ ఉబ్బి పట్టుకునేంతవరకే. ఎర్త్ వైరు వచ్చే బోల్టును ఎమెరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, ప్లగ్ ఎర్త్ పిన్ను నుంచి రాడ్ బోల్టు దాకా చూస్తే అర ఓమ్ లోపే వచ్చింది. కొత్త రాడ్ మెగ్గర్ 200 పైన. 60 డిగ్రీల ప్రోగ్రాం వేసి క్లాంప్ మీటర్ పెడితే హీటర్ నడిచేటప్పుడు ఎనిమిదిన్నర ఆంపియర్ల చుట్టుపక్కల. నీళ్ళ చుక్క కారలేదు, ఆర్‌సీసీబీ పడలేదు. చివర్లో ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కి అది పడుతుందని సారుకు చూపించి, నెలకోసారి అలా నొక్కి చూడమన్నాను.

రాడ్‌కు, సీల్‌కు కలిపి 1,200, నా కూలి 600.

పని అయ్యాక మిగతా సాకెట్లు కూడా చూడమని సారు అడిగారు. వంటింట్లో, ఫ్రిజ్ దగ్గర బాగున్నాయి. బాత్రూంలో గీజర్ పాయింట్ విప్పితే పచ్చ వైరు సాకెట్‌కు తగలకుండా పెట్టెలో మడిచి ఉంది. కొత్త గుంత ఎంత బాగా కొట్టినా ఆ గీజర్‌కు ఎర్త్ లేనట్టే. అది కూడా కలిపి, ఫేజ్-ఎర్త్ కొలిచాకే అక్కడినుంచి కదిలాను. తడి చేతులతో ముట్టుకునే సామానున్న ప్రతి సాకెట్‌ను ఎర్త్ పని చేయించిన రోజే కొలిపించుకోవాలి. గుంత దగ్గర బాగుంటే సాకెట్ దగ్గర బాగున్నట్టు కాదు.

నీళ్ళ సంగతి

కొత్త రాడ్ పెట్టి పైసలు తీసుకుని వచ్చేస్తే నా పని అయినట్టే. కానీ అదే నీళ్ళు పోస్తే ఈ రాడ్ కూడా అదే దారి పడుతుంది. "మాకు ఫ్లోరైడ్ నీళ్ళు బిడ్డా, ఏ సామాన్ ఆగది" అంది అమ్మ. నల్లగొండలో అందరూ అనే మాట ఇది. ఈ జిల్లాలో ఫ్లోరైడ్ మనుషుల పళ్ళను, ఎముకలను ఏం చేసిందో చూస్తూ పెరిగినవాళ్ళం, ఆ భయం న్యాయమైనదే. కానీ రాడ్ మీది గారకు ఫ్లోరైడ్ కారణం కాదు. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ పరిమితి లీటరుకు ఒకటి, మరో దారి లేకపోతే ఒకటిన్నర మిల్లీగ్రాములు. గార పట్టించే కాల్షియం, మెగ్నీషియం ఉప్పులు వందల మిల్లీగ్రాముల్లో ఉంటాయి. అవి 200 లోపు ఉంటే మంచిదని, 600 దాటకూడదని తాగునీటి ప్రమాణం. పైగా ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న చాలా బోర్లలో కాల్షియం తక్కువగా ఉంటుంది. కాల్షియం ఎక్కువుంటే అది ఫ్లోరైడ్‌తో కలిసి అడుగుకు చేరుతుంది కాబట్టి. అంటే ఫ్లోరైడ్ బోరు, గార పట్టించే బోరు ఒకటే కానక్కర్లేదు. ఏ బోరుకు ఆ బోరు కొలుచుకోవాలి.

కొలవడానికి టీడీఎస్ పెన్ను సరిపోదు. అది అన్ని ఉప్పులనూ కలిపి చూపిస్తుంది. చుక్కలు వేస్తే రంగు మారే హార్డ్‌నెస్ కిట్ కావాలి. సారు వాళ్ళ బోరు 480 దగ్గర వచ్చింది. ఇంట్లో మిషన్ భగీరథ పథకం నల్లా కూడా ఉంది, కృష్ణా నీళ్ళు. అది 150 దగ్గర. ఆ నల్లా నీళ్ళు కింద సంపులో పట్టుకుని వంటకు వాడుతున్నారు. బోరు నీళ్ళు పైన ట్యాంకుకు, అక్కడినుంచి మిషన్‌కు.

ఒక చిన్న లెక్క వేసి చూపించాను. వేడి చేసే ఒక్క ఉతుకుకు 15 లీటర్లు అనుకుంటే ఆ బోరు నీళ్ళలో ఏడు గ్రాముల పైనే గట్టి ఉప్పులు ఉంటాయి. అందులో పదో వంతు రాడ్ మీద కూర్చున్నా ఏడాదికి 200 ఉతుకులకు 140 గ్రాములు. రాడ్ మీద నేను చూసింది అందుకు తగ్గట్టే ఉంది.

సారు సంపు నుంచి చిన్న మోటారుతో మేడ మీద వేరే చిన్న ట్యాంకు పెట్టించి, మిషన్‌కు, వంటింటికి మాత్రం ఆ లైను ఇప్పించారు. ఇక్కడ ఎత్తు చూసుకోవాలి. పది మీటర్ల ఎత్తు నుంచి వచ్చే నీళ్ళకు ఒక బార్ ప్రెజర్. ఈ మిషన్‌కు కనీసం 0.3 బార్ కావాలని దాని పుస్తకంలో ఉంది, అంటే ట్యాంకు అడుగు మిషన్ ఇన్‌లెట్ కంటే మూడు మీటర్లు పైన ఉండాలి. సారు వాళ్ళది మేడ మీద మేడ కాబట్టి ఇబ్బంది రాలేదు. ఒక్క అంతస్తు ఇంట్లో ట్యాంకును స్లాబు మీద నేరుగా పెడితే నీళ్ళు సన్నగా వచ్చి, నీళ్ళు రావడం లేదన్న ఎర్రర్ మొదలవుతుంది. ఇనుప స్టాండు వేసి లేపాలి.

నల్లా లేని ఇళ్ళకు నేను చెప్పేది వేరు. గార ముఖ్యంగా నీళ్ళు వేడి చేసినప్పుడే కడుతుంది. మురికి మరీ ఎక్కువ లేని బట్టలను చల్లనీళ్ళ ప్రోగ్రాంలో వేయండి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో పగలు 44, 45 డిగ్రీలు పడే ఎండకు మేడ మీద నల్ల ట్యాంకులో నీళ్ళే సలసల కాగినట్టుంటాయి. మధ్యాహ్నం మిషన్ వేస్తే హీటర్ పనే ఉండదు. చాలా ఇళ్ళలో మిషన్ ఆన్ చేయగానే కాటన్ 40 తనంతట తానే వస్తుంది, అదే నొక్కేస్తారు. ఆ ఒక్క బటన్ మార్చుకుంటే రాడ్ ఆయుష్షు పెరుగుతుంది. పైపుకు తగిలించే అయస్కాంతం ముక్కలను నేను ఎవరికీ పెట్టను. గట్టిదనాన్ని నిజంగా తీసేది ఉప్పుతో కడుక్కుంటూ పనిచేసే సాఫ్ట్‌నర్. ఆ ఖర్చు పెట్టగలిగితే ఇల్లంతటికీ పెట్టుకోవచ్చు.

బోరు నీళ్ళే దిక్కయితే రెండు మూడు నెలలకోసారి ఖాళీ డ్రమ్ములో వంద గ్రాముల సిట్రిక్ యాసిడ్ వేసి 60 డిగ్రీల్లో తిప్పాలి. సర్ఫు కలపొద్దు. బాత్రూం కడిగే యాసిడ్ పోయొద్దు, అది డ్రమ్మును వెనక పట్టుకునే అల్యూమినియం చేతులను తినేస్తుంది, అవి విరిగితే మిషన్ మార్చుకోవడమే. బ్లీచింగ్ వాడిన రోజు ఏ యాసిడ్‌నూ దగ్గరికి తేవద్దు. రెండూ కలిస్తే వచ్చే క్లోరిన్ గ్యాస్ మూసిన బాత్రూంలో మనిషిని పడగొడుతుంది.

ఆ తర్వాత

దసరాకు ముందు వేరే పని మీద అటు పోయినప్పుడు మిషన్ చూశాను. రాడ్ వైర్లు పీకి మెగ్గర్ పెడితే మళ్ళీ 200 పైనే. డ్రమ్ము చిల్లుల్లోంచి టార్చి కొడితే రాడ్ లోహం రంగులోనే ఉంది, అక్కడక్కడ పలచని తెల్ల చార. తలుపు రబ్బరు మడతలో నల్ల బూజు మొదలైంది. ఉతకడం అయ్యాక తలుపు మూసేస్తున్నారు. సందు వదిలి ఉంచమని, ఆ మడతను గుడ్డతో తుడవమని అమ్మకు చూపించాను. డ్రెయిన్ ఫిల్టర్‌లో ఈసారి ఒక పిన్నీసే ఉంది.

పైన అద్దెకుండే వాళ్ళది టాప్ లోడ్, అందులో హీటర్ లేదు. బోరు నీళ్ళే వాడుతున్నారు. గార గొడవ వాళ్ళకు అంతగా లేదు గానీ ఇన్‌లెట్ పైపు మొదట్లో ఉండే జల్లెడ ఇసుకతో నిండి నీళ్ళు సన్నగా వస్తున్నాయి. నల్లా కట్టేసి, పైపు విప్పి, ముక్కు పట్టకారుతో జల్లెడ లాగి, పాత టూత్ బ్రష్‌తో కడిగి పెట్టాను. అది ఎవరి ఇంట్లో వాళ్ళే నెలకోసారి చేసుకోగలిగిన పని. వాళ్ళ సాకెట్ కూడా కొలిచాను, ఫేజ్ నుంచి ఎర్త్ 226 వచ్చింది.